పిన్ని కంటికి ఉడికిన గుడ్డు

ఆ రోజుల్లో మా లైనులో ఏ వస్తువు కనబడకపోయినా ముందు పక్కింటివాళ్ల ముఖంలోకి చూసేవాళ్లు, తర్వాతే మంచం కింద వెతికేవాళ్లు. సబ్బు త్వరగా అరిగినా అనుమానమే, బొగ్గుల బుట్ట తేలికైనా అనుమానమే. వాట్‌గంజ్‌లో గోదీ పక్కన (ఓడలు ఆగే రేవును మావాళ్లు గోదీ అనే అంటారు) ఒకే వరండా, ఒకే కుళాయి, ఎదురెదురుగా గదులు. అందరూ శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీల నగరానికి పని కోసం వచ్చినవాళ్లే. ఒకరి పిల్లలకు ఒకరు అన్నం పెట్టుకునేవాళ్లు, ఆ పిల్లలు తిని వెళ్లాక గిన్నెలన్నీ ఉన్నాయో లేదో చూసుకునేవాళ్లు. ఆ అనుమానాల్లో చాలావరకు ఉత్తవే. ఒక్కటి మాత్రం అక్షరాలా నిజం, దానికి జవాబు తెలిసినవాణ్ణి ఆ లైను మొత్తంలో నేనొక్కణ్ణే. నేను చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, తర్వాత చాలా ఏళ్లపాటు పెళ్లిళ్లలోనూ టీ కొట్ల దగ్గరా "మా లైనులో ఒకావిడ చూపు తగిలి కోడి కింద గుడ్డు ఉడికిపోయింది" అని చెప్పి జనాన్ని నవ్వించాను. అది సగం కథ. మిగతా సగం చెప్పడానికి ఇప్పుడు కూర్చున్నాను.

పిన్ని అన్నానే గాని ఆమెతో మాకు రక్తసంబంధం లేదు. ఎదురు గదిలో ఉండేది. దేవుడు ఆమెకు అన్నీ మామూలుగా ఇచ్చి కళ్లు మాత్రం కాస్త ఎక్కువగా ఇచ్చాడు. పెద్దవి, ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉండేవి. ఏదైనా నచ్చితే రెప్ప వేయడం మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయేది. కుళాయి దగ్గర ఆమె ఎవరి బిందె వైపు చూసినా ఆ బిందెకు కొంగు కప్పేసేవాళ్లు. వెనకాల 'కళ్ల పిన్ని' అనేవాళ్లు. అప్పటికి అది ఎగతాళే. భయం దాకా దాన్ని లాక్కెళ్లింది నేను.

ఒక ఎండాకాలం చివర ఆమె నల్ల పెట్ట పొదుగుకొచ్చింది. గుడ్లు పెట్టడం మానేసి, ఒళ్లంతా ఉబ్బించుకుని, ఎవరు దగ్గరికెళ్లినా గుర్రుమంటూ, ఖాళీ నేల మీదే కూర్చుని లేవనని మొండికేసింది. బాబాయికి గోదీలో రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. ఆయన గురకకు కోడి, కోడి గుర్రుకు ఆయన, ఒకరి నిద్ర ఒకరు చెడగొట్టుకున్నారు. చివరికి ఒకరోజు ఆయన, "ఈ గదిలో నానైనా తొంగోవాల, నీ కోడైనా కూకోవాల" అని తేల్చేశాడు. పిన్ని మా అమ్మ దగ్గరికి వచ్చింది (అక్కను మావైపు అప్ప అంటారు).

"అప్పా, నీ మంచం కింద రవ్వంత సోటిస్తే నా కోడిని పొదగేత్తాను."

"పాలుకేటి?" అంది అమ్మ వెంటనే.

"పాలుకే. పిల్లల్లో సగం నీకు, సగం నాకు."

పాలుకు ఇవ్వడం మా వైపు ఉన్నదే. కోడీ గుడ్లూ ఒకరివి, చోటూ మేతా ఇంకొకరివి, పుట్టినవి చెరిసగం. కాగితం ఉండదు, సాక్షి ఉండడు, నమ్మకం మీదే నడుస్తుంది. అందుకే ఇద్దరూ ఒకరినొకరు కంట్లో వత్తులు వేసుకుని కనిపెట్టుకుంటూ ఉంటారు.

గుడ్లు పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. ఒక వెదురు గంపలో నాన్న గోదీ నుంచి తెచ్చిన చెక్కపొట్టు పోశారు. దాని మీద పిన్ని తన నాటు గుడ్లు ఒక్కొక్కటే, పసిపిల్లను పడుకోబెడుతున్నట్టు సర్దింది. ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో చిన్న గీత గీసింది, కోడి కొత్తగా ఇంకో గుడ్డు పెడితే వీటిలో కలిసిపోకుండా. (ఆమె వెళ్లాక అమ్మ నా చెవిలో, "కొత్త గుడ్డు కోసం కాదురా, మనం మార్సేత్తామని" అంది. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే లేదు.) పక్కన ఎండుమిరపకాయ, బొగ్గు ముక్క, ఇనుప మేకు పెట్టారు. ఉరుము ఉరిమితే గుడ్లు అదిరి మురిగిపోతాయని, ఇనుము ఉంటే ఆగుతుందని మావాళ్ల నమ్మకం. అయితే మా అమ్మకు ఉరుము మీదకన్నా ఓడల మీద అనుమానం ఎక్కువ. "ఊర్లో ఉరుముకైతే మేకు సాలుతాది. ఇక్కడ ఓడ కూసిందంటే గోడలదురుతున్నాయి. మేకేటి సాలుతాది?" అని నాన్న చేత గోదీ నుంచి తుప్పు పట్టిన పెద్ద కొక్కెం తెప్పించింది. అది కోడి కంటే బరువు. కోడి ఆ కొక్కెం వైపు ఒకసారి, మావైపు ఒకసారి చూసి, ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు గుడ్ల మీద సర్దుకుంది.

ఇక నా ఛాతీ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ అనర్థానికంతటికీ మూలం అదే. నాకప్పుడు పందొమ్మిది నిండాయి, పని లేదు. ఒక గోడౌన్ గేటు దగ్గర కాపలాకు కుర్రాళ్లను తీసుకుంటున్నారనీ, ఛాతీ కొలిచి మరీ తీసుకుంటారనీ నాన్న వినొచ్చాడు. నా ఛాతీ గాలి పీల్చినప్పుడూ వదిలినప్పుడూ ఒకే కొలతలో నిలకడగా ఉండేది. మా పాడాలో (వీధిని అక్కడ మేమంతా పాడా అనే అంటాం) కుర్రాళ్ల చేత బరువులెత్తించే ఒక దాదా ఉండేవాడు. నేను వెళ్లి చొక్కా విప్పి నిలబడితే నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "కీ రే, తోర్ ఛాతీ కోథాయ్?" అన్నాడు. ఏరా, నీ ఛాతీ ఎక్కడుందని. తర్వాత జాలిపడి మందు చెప్పాడు. రోజూ పొద్దున్నే నాటుకోడి గుడ్లు పచ్చివి కొట్టుకుని తాగాలి. పోల్ట్రీ గుడ్లయితే? "పోల్ట్రీర్ డిమే జోర్ నేఈ" అన్నాడు, ఆ గుడ్లకు బలం లేదని. నాటు గుడ్లు కొనే స్తోమత మా ఇంట్లో లేదు. కానీ నేను పడుకునే మంచం కింద, సరిగ్గా నా వీపు వెనక, గంపెడు ఉన్నాయి. వాటి మీద ఛాతీ రెండింతలు ఉబ్బించుకుని కోడి కూర్చుని ఉంది. గుడ్ల మీద కూర్చున్నందుకే దానికి అంత ఛాతీ వస్తే, తాగితే నాకెంత రావాలి!

పొదుగు కోడి రోజుకోసారి మేతకు లేస్తుంది. అమ్మ దాన్ని వరండాలోకి తీసుకెళ్లి నూకలు చల్లి, నీళ్లు పెట్టి, కుళాయి దగ్గరికి వెళ్లేది. ఆ కాసేపు గంప నాది. నేను పూర్తి దొంగను కాదు (అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను), తీసినచోట ఇంకోటి పెట్టేవాణ్ణి. కూరకని అమ్మ తెచ్చిన పోల్ట్రీ గుడ్లు ఇంట్లో ఉండేవి. అవి సున్నం కొట్టినంత తెల్లగా ఉంటాయి. నాటు గుడ్డు రంగు రావాలని టీ పొడి మరిగించి అందులో ముంచాను. మొదటి గుడ్డుకే తొందరపడ్డాను. డికాషన్ కుతకుతలాడుతుండగానే అందులో వేసి, అమ్మ వస్తోందేమో చూద్దామని తలుపు దగ్గర నిలబడ్డాను. కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మంచి రసవత్తరంగా పోట్లాడుకుంటున్నారు. అది వింటూ ఉండిపోయాను. వచ్చి చూసేసరికి గుడ్డుకు బ్రహ్మాండమైన రంగు పట్టింది. లోపల ఏమైందన్న ఆలోచన రాలేదు. మిగతావాటికి మాత్రం డికాషన్ చల్లార్చి వాడాను. అన్నిటికీ కాల్చిన అగ్గిపుల్లతో పిన్ని గీతలాంటి గీతే గీశాను. కోడి తిరిగొచ్చి, గంప అంచున నిలబడి, ఆ గుడ్లను ముక్కుతో ఒక్కొక్కటే దొర్లించి చూసుకుని, తల పక్కకు తిప్పి ఒక్క కంటితో నా వైపు చూసింది. ఆ ఒక్క కన్నుకే నాకు చెమట పట్టింది.

అలా కొన్ని పొద్దులు గడిచాయి. ఒకరోజు గ్లాసులో కొట్టిన గుడ్డులో సన్నటి ఎర్ర నరం కనిపించింది. దారపు పోగంత. దాన్ని మోరీలో పారబోసి, ఆ రోజంతా ఏమీ తినలేకపోయాను. మళ్లీ గంప జోలికి వెళ్లలేదు. అప్పటికి గంపలో పిన్ని గుడ్డు ఒకే ఒక్కటి మిగిలింది.

పిన్ని రోజూ కోడిని చూడ్డానికి వచ్చేది. వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మంచం కిందకు తల దూర్చి, రెప్ప వేయకుండా చాలాసేపు చూసేది.

"అప్పా, నా కోడి ఎందుకలాగ బెదురుగా ఉన్నాది?"

"పొదుగు కోడి బెదురుగా ఉండక పాటలు పాడతాదేటి?" అనేది అమ్మ.

"నిన్న మీ ఇంట్లో గుడ్డు వాసనొచ్చినాది."

"మేం గుడ్డు కూర తినకూడదేటి? నీ గుడ్డుకి పేరు రాసున్నాదేటి?"

"గీత గీసే ఉన్నాది కదప్పా" అని పిన్ని మళ్లీ తల దూర్చేది. ఆమె వెళ్లగానే అమ్మ, "సూసినావా, లెక్కెట్టుకుని ఎల్తంది" అని పళ్లు కొరికేది. అవతల గదిలో పిన్ని బాబాయితో అనే మాటలు మాకు వినబడేవి. "అప్ప మంచిదే. ఆ ఇంట్లో ఎవులో నా గుడ్లు తింతన్నారు." బాబాయి సమాధానం గురక. మా లైను మొత్తంలో ఆ ఏడాది ఎవరికైనా సరైన అనుమానం వచ్చిందంటే ఆమెకే. చివరికి దోషిగా నిలబడిందీ ఆమే.

మూడు వారాలు నిండాయి. ఒక పొద్దున గంపలోంచి కీచుమని శబ్దం. లైనులో ఉన్న ఆడవాళ్లందరూ మా గదిలోకి వచ్చేశారు. ఒక్క గుడ్డు చిట్లి, తడి తడిగా, ప్రపంచం మీద అప్పటికే విసుగెత్తినట్టున్న ఒక పిల్ల బయటికొచ్చింది. పిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి. మిగతావాటి కోసం ఆ రోజంతా చూశారు, మర్నాడు చూశారు. కోడికి కూడా ఓపిక నశించి, ఆ ఒక్క పిల్లనే వెంటేసుకుని లేచిపోయింది. అప్పుడు పిన్ని గంప ఎత్తుకుని మోరీ దగ్గరికి నడిచింది. వెనక లైనంతా నడిచింది. అందరి వెనకా నేను.

మొదటి గుడ్డును చెవి దగ్గర ఊపితే గుడగుడమంది. పగలగొట్టగానే వచ్చిన కంపుకు జనం ముక్కులు మూసుకుని చెదిరిపోయి మళ్లీ చేరారు. రెండోదీ అంతే. మూడోదాన్ని పిన్ని కొంగుతో తుడిచి, రాయి అంచుకు కొట్టింది. పెంకు చిట్లింది గాని ఏమీ కారలేదు. ఆమె నెమ్మదిగా పెంకు ఒలిచింది. లోపల గట్టిగా, నున్నగా, నలుపు తిరిగిన ఉడికిన గుడ్డు.

బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ కుళాయి కట్టేయలేదు.

"ఓలమ్మో, ఉడికిపోనాది" అంది ఒకావిడ.

"పొయ్యి ఎక్కకుండా గుడ్డు ఉడకడమేటే?"

చివరి గదిలో ఉండే ముసలమ్మ, లైనులో పురుళ్లూ పుణ్యాలూ అన్నీ ఆమె చేతి మీదుగా జరిగేవి, కర్ర నేలకు తాటించి తీర్పు చెప్పింది. "రోజూ మంచం కింద తలెట్టి ఆ కళ్లతో అలాగ గుచ్చి గుచ్చి సూత్తే ఉడకదేటి?"

అందరూ నవ్వుతారనుకున్నాను. నవ్వి ఉంటే ఎంత బాగుండేది! ఎవరూ నవ్వలేదు. తన మీద అనుమానం దిగిపోయినందుకు మా అమ్మ హమ్మయ్య అని ఊపిరి వదలడం నాకు వినిపించింది. పిన్ని ఆ గుడ్డు చేతిలో పట్టుకుని, ఎవరైనా కాదంటారేమోనని ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. ఆమె ఎవరివైపు చూస్తే వాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. చివరికి నా వైపు చూసింది. నేనూ వేశాను.

నిజం చెబితే నాన్న వీపు చిట్లగొడతాడన్నది ఒక భయం. గోడౌన్‌కు ఛాతీ కొలతకు వెళ్లేముందు గుడ్ల దొంగ అన్న పేరెందుకన్నది ఇంకోటి. (కొలత సంగతి కూడా చెప్పేస్తాను. టేపు పట్టుకున్నాయన "పీల్చు" అన్నాడు. పీల్చాను. "పీల్చు బాబూ" అన్నాడు. "పీల్చాను సార్" అన్నాను. ఆయన అనుమానంగా టేపును తిరగేసి, అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, తర్వాతివాణ్ణి పిలిచాడు.) రెండు రోజులాగి చెబుదామనుకున్నాను. రెండు రోజులకు అందరూ ఉడికిన గుడ్డును తామే ఒలిచినట్టు చెప్పుకుంటున్నారు. వారానికి పక్క లైను నుంచి జనం మోరీని చూడ్డానికి వచ్చారు. అంత పెద్దదైపోయిన కథను ఆపే ఛాతీ నాకు లేదు.

ఒక్క పిల్లను చెరిసగం ఎలా చేస్తారన్న ప్రశ్న వచ్చింది. అమ్మ పాలు వదులుకునే రకం కాదు, అయినా పిన్నే, "ఒద్దప్పా, నువ్వే ఉంచుకో. నా సూపు దాని మీద ఎందుకు" అనేసింది. కోడిని కూడా, పిల్ల పెద్దదయ్యేదాకా మా దగ్గరే వదిలేసింది. ఆ కోడి ఒక్క పిల్లను పదిమంది పిల్లల తల్లిలా పెంచింది. సిమెంటు వరండాను కాళ్లతో గీరి గీరి, అక్కడ లేని పురుగులను ఎలా వెతకాలో నేర్పింది. కాకి నీడ పడితే రెక్కల కింద దాచుకునేది. ఓడ కూసినప్పుడల్లా పిల్లతో పాటు కొక్కెం పక్కకు పరుగెత్తేది. లైనులో ఎవరు దాని పక్కనుంచి నడిచినా పట్టించుకోదు, నేను గడప దాటితే మాత్రం మెడ ఈకలు రిక్కించి నా పిక్కల మీదకు ఎగిరేది.

"ఒరే, ఇందరుండగా ఇది నిన్నే ఎందుకు పొడుత్తంది?" అన్నాడు నాన్న ఒకరోజు.

"నాకేటి తెలుసు నాన్నా."

"ఏటో సేసుంటావు."

"కోడినడుగు, నన్నడుగుతావేటి!" అన్నాను విసురుగా. నిజంగా అడుగుతాడేమోనని గబగబా లైను దాటేశాను.

ఆ చలికాలం అత్తారింటి నుంచి మా అప్ప పురిటికి వచ్చింది. ఆడపిల్ల. ఉయ్యాల్లో వేసే రోజు లైనులో గడప గడపకూ పిలుపు వెళ్లింది, ఎదురు గడపకు తప్ప. ఆ పొద్దున నేను బయటికి వస్తుంటే పిన్ని తన తలుపు సందులోంచి పిలిచింది. పాత చీరలు మడిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి కుట్టిన చిన్న బొంత నా చేతిలో పెట్టింది. "పిల్లకి. నానిచ్చానని సెప్పకు." నాతో మాట్లాడుతూ గోడవైపు చూస్తోంది. అప్పటికే ఆమె మనుషుల ముఖాలు చూడ్డం మానేసింది. నేను ఆ బొంత తీసుకెళ్లి, దాదా భార్య, అక్కడి మాటలో బౌది, అంటే వదిన, ఇచ్చిందని చెప్పాను. మా అమ్మ ఆ బౌదిని తెగ మెచ్చుకుంది. ఎదురు గదిలో తలుపు మూసే ఉంది.

తర్వాత ఆమె కొడుక్కి రైల్వేలో పని దొరికి, వాళ్లు సంత్రాగాఛి క్వార్టర్లకు వెళ్లిపోయారు. నాకూ మున్సిపాలిటీ పంపుహౌసులో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఛాతీ కొలవరు. పెళ్లయింది, జుట్టు నెరిసింది, దాదా చెప్పినట్టు ఛాతీ పెరగలేదు గాని దాని కింద ఉన్నది బాగా పెరిగింది. ఎక్కడ నలుగురు చేరినా ఉడికిన గుడ్డు కథ చెప్పేవాణ్ణి, వాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు.

మొన్న చలికాలంలో, అప్పుడు ఆ ఉయ్యాల్లో ఉన్న పిల్లకే, అంటే మా మేనకోడలికి, బిడ్డ పుట్టింది. ఎవరెవరిని పిలవాలో ఇంట్లో మాట్లాడుకుంటుంటే నా భార్య అంది. "ఎవులిని పిలిసినా ఆ కళ్ల పిన్ని అంట, ఆమెని మాత్రం పిలవొద్దు. ఆమె సూపుకి గుడ్డే ఉడికిపోయిందంట కదా." నా భార్య పుట్టిల్లు వేరే పేట, మెటియాబ్రుజ్. పెళ్లయి వచ్చేనాటికి పిన్నివాళ్లు లైను వదిలిపోయారు, ఆమె పిన్నిని కంటితో చూడనైనా చూడలేదు. ఎవరు చెప్పారని అడిగాను. "మీరే కదా సెప్పి నవ్వేవారు" అంది.

ఆ ఆదివారం లోకల్ రైలెక్కి సంత్రాగాఛి వెళ్లాను. తలుపు కొంచెం తెరిచి, నల్లకళ్లద్దాల్లోంచి పిన్ని చూసింది. బాగా ముసలిదైపోయింది.

"ఎవులు?"

చెప్పాను.

"ఏటి పని?"

"ఊరికే, నిన్ను సూద్దామని పిన్నీ."

"నన్ను సూడ్డానికి ఎవులొత్తారు? డబ్బులు కావాలేటి? ఓటుకొచ్చినావా? ఆ ఇన్సూరెన్సేటో సేత్తన్నావా?" అవేవీ కాదని ఒప్పించాక తలుపు పూర్తిగా తీసింది. లోపల ఆమె మనవడి కొడుకు నేల మీద పాకుతున్నాడు. వాడు ఆమె కాళ్లు పట్టుకుంటే ఆమె ముఖం గోడవైపు తిప్పుకుని, తల మాత్రం నిమిరింది. కంటి ఆపరేషన్ అయిందా అని కోడల్ని మెల్లగా అడిగాను. "లేదన్నయ్యా, డాక్టరు కళ్లు బాగున్నాయన్నాడు. పసిపిల్లలున్న ఇంట్లో అద్దాలు తియ్యనంటాది" అంది ఆమె.

నేను కూర్చుని మొత్తం చెప్పాను. దాదా, ఛాతీ, పోల్ట్రీ గుడ్లు, అగ్గిపుల్ల గీతలు. పిన్ని తల అడ్డంగా ఊపింది.

"నా మీద జాలిపడి సెప్తన్నావు బావూ. ఉడికిన గుడ్డు ఈ సేత్తో నానే ఒలిసినాను."

"మరుగుతున్న టీలో ఏసినాను పిన్నీ. రంగు కోసం."

ఆమె చేతిలోని విసనకర్ర పక్కన పెట్టింది. "టీ పొడేనేటి?"

"టీ పొడే."

"అందుకేనా" అంది చాలా నెమ్మదిగా. "ఆ గుడ్డు తుడిస్తే నా కొంగుకి మరకైపోయింది. ఎంత సబ్బెట్టినా పోనేదు. నా పాపమే అలాగంటుకుందనుకున్నాను." అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ పెద్ద కళ్లతో రెప్ప వేయకుండా నన్ను చూసింది. ఆ చూపుకు నిజంగానే నా చెవులు ఉడికిపోయాయి. తర్వాత పక్కనున్న విసనకర్ర తిరగేసి నా భుజం మీద ఒక్కటిచ్చింది. "దొంగ గుంటడా! నాకొక్కదానికి సెప్తే ఏటి లాభం? పది మందిలో నన్నన్నారు. పది మందిలో సెప్పు."

ఉయ్యాల రోజు నేనే వెళ్లి ఆమెను టాక్సీలో తీసుకొచ్చాను. నల్లద్దాల మనిషి గడపలో కనబడగానే మా అమ్మ గుర్తుపట్టి కొయ్యబారిపోయింది. ఎవరో గబుక్కున ఉయ్యాల మీదకు కొంగు లాగారు. నేను గది మధ్యలో నిలబడి మొదలుపెట్టాను. అలవాటు నోరు కదా, నా ఛాతీ ఎక్కడుందని దాదా వెతకడం దగ్గర జనం నవ్వడం మొదలెట్టారు. టేపు తిరగేసి చూడటం దగ్గరికొచ్చేసరికి కూలబడ్డారు. చెవి సరిగ్గా వినబడని మా అమ్మ అంతా పక్కవాళ్ల చేత మళ్లీ చెప్పించుకుని, "అయితే నా కూర గుడ్లు కూడా నువ్వే తీసినావేటి! నాను పిల్లి పననుకుని ఆ ఏడాదంతా పిల్లిని తరిమినాను కదరా!" అని అరిచింది. ఇంకా నవ్వులు. నాకు ఉషారెక్కి కోడి నా పిక్కలు పొడవడం అందుకోబోయాను.

పిన్ని ఒక్కతే నవ్వలేదు. "నవ్వించకు బావూ" అంది. "నవ్వించకుండా సెప్పు."

ఉయ్యాల మీద కప్పిన కొంగును మా మేనకోడలు తనే తీసేసింది. ఉయ్యాలలో బిడ్డ కింద పరిచింది ఆ పాత బొంతే. బౌది ఇచ్చిందని మా అమ్మ ఇన్నేళ్లూ భద్రంగా దాచింది. పిన్ని దాన్ని చూసింది, తన కుట్లు గుర్తుపట్టింది, అద్దాలు తీసేసింది. నేను ఒక్కసారి ఊపిరి పీల్చాను. ఆ గోడౌన్ ఆయన ఆ క్షణంలో టేపు పట్టుకుని నా పక్కన ఉంటే కచ్చితంగా ఉద్యోగం ఇచ్చేవాడు. ముప్ఫై ఏళ్లు ఆలస్యంగా పెరిగిన ఛాతీని చూసి నాకే నవ్వొచ్చింది, కాని నవ్వలేదు. ఆ రోజు మోరీ దగ్గర వెనక్కి వేసిన అడుగు ఇప్పుడు ముందుకు వేసి, ఆమె ముందు నేల మీద కూర్చున్నాను.

"పిన్నీ, నీ కళ్లకి ఏ దోసమూ నేదు. ఎప్పుడూ నేదు. నీ గుడ్లు నాను తిన్నాను, ఆ గుడ్డు నాను ఉడకబెట్టినాను. అందరూ నిన్నంటుంటే నోరు మూసుకున్నాను. నువ్వు నా వైపు సూసినప్పుడు నానూ ఎనక్కి తగ్గినాను. తర్వాత నీ మీద నవ్వులు సెప్పుకుని బతికినాను. తప్పు నాది. నన్ను సెమించు."